మర్నాడు పొద్దున మళ్ళీ ఎక్కగలరా? – సైకిల్ టూర్లపై పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట. వయసులో ఉన్నప్పుడు బాగా తొక్కేవాళ్ళం, తర్వాత ఉద్యోగం, పిల్లలు, ఇల్లు అంటూ ఇరవై ముప్పై ఏళ్ళు పక్కన పెట్టేశాం, ఇప్పుడు మళ్ళీ బ్యాగులు కట్టుకుని నాలుగు రోజులు తిరిగి రావాలనుంది, ఒళ్ళు సహకరిస్తుందా అని. నేను కూడా 26 ఏళ్ళ గ్యాప్ తర్వాత 57వ ఏట మళ్ళీ ఎక్కినదాన్నే, ఇప్పుడు నాకు 68. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి ఐదు ఉత్తరాలు తీసుకున్నా. మొదటిదానికి కాస్త ఎక్కువ రాశా, ఎందుకంటే మిగతావాళ్ళకి చెప్పాల్సింది కూడా చాలావరకు అందులోనే ఉంది.

ప్రశ్న: మేడం గారూ, నాకు 62. పాతికేళ్ళప్పుడు రోజుకి 100 కిలోమీటర్లు అవలీలగా తొక్కేవాణ్ణి. రిటైరయ్యాక కొత్త సైకిల్ కొని మొదటిరోజే 30 కిలోమీటర్లు వెళ్ళొచ్చా, ఆయాసం పెద్దగా రాలేదు, ఆ హుషారులో మర్నాడూ వెళ్ళా. మూడో రోజుకి కుడి మోకాలి ముందువైపు నొప్పి, మెట్లు దిగలేకపోయా. నాలుగు నెలల్లో ఫ్రెండ్స్‌తో 7 రోజుల్లో 400 కిలోమీటర్ల టూర్ అనుకున్నాం. మానేయమంటారా?

జవాబు: మానేయకండి. కానీ ఆ "ఆయాసం పెద్దగా రాలేదు" అన్నారే, మిమ్మల్ని మోసం చేసింది అదే, ఇది బాగా అర్థం చేసుకోండి. మన ఒంట్లో అన్నీ ఒకే స్పీడుతో తిరిగి రావు. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే ఆ నీటి భాగం, పెరుగుతుంది, దాంతో గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకే తొక్కే దమ్ము అంత తొందరగా తిరిగొస్తుంది. తొడ కండరాలకి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండాన్లు ఉన్నాయి చూశారా, వాటికి రక్త సరఫరా తక్కువ, అవి గట్టిపడాలంటే నెలలు పడుతుంది. అంటే రెండు మూడు వారాలకి మీ గుండె "ఇంకా వెళ్దాం పద" అంటుంటే మోకాలు ఇంకా మొదటి వారంలోనే ఉంటుంది. ఒకప్పుడు బాగా తొక్కినవాళ్ళకి ఈ తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే తొక్కే పద్ధతి, గేరు మార్చే అలవాటు, ఎక్కడ బలం పెట్టాలో అదంతా ఒంటికి గుర్తుంటుంది, మరీ కొత్తవాళ్ళయితే ఐదో కిలోమీటరుకే అలసిపోయి ఆగిపోతారు, వాళ్ళ మోకాళ్ళు అలా బతికిపోతాయి.

ముందు మోకాలి సంగతి చూద్దాం. వాపు ఉన్నా, మోకాలు మడిచినప్పుడు పట్టేసినట్టు అనిపించినా డాక్టరుకి చూపించండి. అదేం లేకుండా ఉత్త నొప్పే, అదీ మోకాలి చిప్ప ముందువైపే అయితే మొదట అనుమానించాల్సింది సీటు ఎత్తుని. సీటు కిందికి ఉంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా మడుచుకుంటుంది, ఆ మడత మీదే బలమంతా పెడతాం, ఆ ఒత్తిడి చిప్ప వెనక పడుతుంది. నొప్పి మోకాలి వెనకవైపు ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు సీటు ఎక్కువ ఎత్తులో ఉందేమో చూడాలి. గోడ పక్కన సైకిల్ నిలబెట్టి ఎక్కి కూర్చోండి, మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ని పూర్తిగా కిందికి దించండి. కాలు సరిగ్గా తిన్నగా రావాలి, నడుము ఏ పక్కకీ వాలకూడదు. అలా సెట్ చేస్తే పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు దగ్గర ఆ కాస్త వంపు దానంతటదే వచ్చేస్తుంది. కొలత కావాలంటే చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని బాగా పైకి బిగించి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి, దాన్ని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే 70.6 అన్నమాట, పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఆ దూరం ఉండాలి. ఒకేసారి మార్చేయకండి, వారానికి అర సెంటీమీటరు చొప్పున జరపండి. నాది రెండున్నర సెంటీమీటర్లు కిందికి ఉండేది, కాలు నేలకి అందుతుందన్న ధైర్యం కోసం నేనే దించుకున్నా, ఆ ధైర్యానికి నా మోకాలు ఆరు వారాలు బాధపడింది.

ఇక నాలుగు నెలలు, అంటే 16 వారాలు. నొప్పి తగ్గాక మొదటి నాలుగు వారాలు వారానికి మూడు రోజులు, రోజుకి 30 నుంచి 45 నిమిషాలు, చదునైన రోడ్డు మీద, తేలిక గేర్లో, నిమిషానికి 70–80 సార్లు పెడల్ తిరిగేలా, పక్కన మనిషి ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నింపాదిగా. ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, తెలుసు, అయినా సరే అంతే తొక్కండి. ఐదో వారం నుంచి ఆ మూడు రోజుల్లో ఒక్కదాన్ని లాంగ్ రైడ్ చేసుకుని వారానికి 15–20 నిమిషాలు పెంచుకుంటూ పోండి, ప్రతి నాలుగో వారం మాత్రం సగానికి తగ్గించాలి, ఈ వయసులో ఒళ్ళు బలపడేది ఆ తగ్గించిన వారంలోనే. తొమ్మిదో వారం నుంచి అసలు పని, వరసగా రెండు రోజులు తొక్కడం. శనివారం రెండు గంటలు, ఆదివారం గంటన్నర, అలా. టూర్ అంటే ఒక పెద్ద రైడ్ అనుకుంటాం గానీ, నిన్న తొక్కిన కాళ్ళతో ఇవాళ మళ్ళీ తొక్కడమే టూర్ అంటే. నా మొదటి మూడు రోజుల టూర్లో తొలిరోజు 70 కిలోమీటర్లు పాట పాడుకుంటూ వెళ్ళా, రెండో రోజు పొద్దున మంచం దిగడానికి రెండు చేతులూ ఊతం పెట్టాల్సొచ్చింది, బూటు లేసు కట్టుకోవడానికి వంగలేక కాలు కుర్చీ మీద పెట్టుకుని కట్టుకున్నా. ఆరోజు 18 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయి, చెట్టు కింద కూర్చుని ఏడ్చా. నాకు లేనిది బలం కాదు, వరస రోజుల అలవాటు, అది తర్వాత తెలిసింది.

పదకొండో వారం నుంచి బ్యాగులు కట్టుకుని తొక్కండి, బరువున్న సైకిల్ మలుపులోనూ బ్రేక్ వేసినప్పుడూ వేరేలా ఉంటుంది, ఆ తేడా టూర్లో మొదటిసారి తెలియకూడదు. పదమూడు, పద్నాలుగు వారాల్లో ఎప్పుడైనా రెండు రాత్రుల చిన్న ట్రిప్ వేయండి. చివరి వారం ఒకటి రెండు తేలిక రైడ్లు చాలు. మీ టూర్ లెక్క చూస్తే రోజుకి సగటున 57 కిలోమీటర్లు, సామాన్లతో గంటకి 14 వేసుకున్నా నాలుగు గంటలు సీటు మీద. చేయగలరు. ఫ్రెండ్స్‌ని ఒక్కటి అడగండి, ఏడు రోజులూ సమానంగా పంచకుండా మొదటి రోజు 40, నాలుగో రోజు 25–30 పెట్టుకోమనండి, మిగతా రోజులు 67 దాటకుండా సరిపోతుంది.

ఇంకా సందేహం ఉంటే ఒకాయన గురించి చెప్తా. ఫ్రాన్స్‌లో రాబెర్ మార్షాన్ అని, 1911లో పుట్టాడు, అరవై దాటాక మళ్ళీ సైకిల్ పట్టాడు. 2012లో నూరేళ్ళ వయసులో గంటలో 24 కిలోమీటర్ల పైన తొక్కితే, 2014లో 102వ ఏట గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కాడు. అంటే రెండేళ్ళు పెద్దవాడై ఇంకా వేగంగా! ఆ మధ్యలో ఆయన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు చూస్తే ఒళ్ళు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ 13 శాతం పెరిగింది. ఆయన శిక్షణలో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఏడాదికి 5,000 కిలోమీటర్లలో 80 శాతం తేలిగ్గా తొక్కినవే, 20 శాతమే గట్టిగా. మనలో చాలామందిమి రోజూ ఒకే మధ్యరకం కష్టంతో తొక్కేస్తాం, దాంతో అలసట మిగులుతుంది, బలం రాదు.

ప్రశ్న: అక్కా, అడగడానికి మొహమాటంగా ఉంది. నాకు 58. గంట తొక్కేసరికి కూర్చునే చోట ఒకటే మంట, నొప్పి. మెత్తటి జెల్ సీటు కవరు వేశా, ఇంకా ఎక్కువైంది. సీటు ముక్కు కాస్త కిందికి వంచితే కొంచెం నయం గానీ ఇప్పుడు చేతుల్లో చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. రెండు జబ్బులు పట్టుకున్నాయా నాకు?

జవాబు: మొహమాటపడకండి చెల్లీ, ఈ ఒక్క విషయం ఎవరినీ అడగలేక సైకిల్ మూలన పెట్టేసిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు అది తలుచుకుంటే బాధ. మీవి రెండూ ఒకటే, రెండోది మొదటిదాన్నుంచి పుట్టింది. సీటు ముక్కు కిందికి వంచారు, ఒళ్ళు ముందుకి జారుతోంది, జారకుండా మీరు చేతులతో ఆపుకుంటున్నారు, ఆ బరువంతా అరచేతి అడుగున చిటికెన వేలి వైపు పోయే నరం మీద పడుతోంది. ముందు సీటుని చదునుగా చేసేయండి, మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు వంచొచ్చు. తర్వాత హ్యాండిల్‌ని సీటు ఎత్తు దాకా, వీలైతే ఇంకొంచెం పైకి తెండి. మోచేతులు బిగబట్టకుండా కాస్త వంచి ఉంచండి, పది నిమిషాలకోసారి పట్టుకునే చోటు మార్చండి. టైర్లలో గాలి రాయిలా నింపకండి, కొంచెం వెడల్పు టైరు, కొంచెం తక్కువ గాలి ఉంటే రోడ్డు అదురు చేతిదాకా రాదు.

జెల్ కవరు తీసేయండి. మనం కూర్చోవాల్సింది కూర్చునే ఎముకల మీద, పిర్రల కింద తడిమితే రెండు వైపులా గట్టిగా తగులుతాయే, అవి. మరీ మెత్తటి సీటులో ఆ ఎముకలు దిగబడిపోయి మధ్యలో ఉన్న మెత్తటి భాగం పైకి ఒత్తుకుంటుంది, మంట అందుకే. అట్టముక్క మీద కూర్చుని కాస్త ముందుకి వంగి లేస్తే రెండు గుంటలు పడతాయి, వాటి మధ్య దూరం కొలిచి దానికి రెండు సెంటీమీటర్లో ఇంకాస్తో ఎక్కువ వెడల్పున్న, ఓ మాదిరి గట్టి సీటు చూసుకోండి. ఆడవాళ్ళకి ఈ దూరం సాధారణంగా ఎక్కువే ఉంటుంది కాబట్టి సైకిల్‌తో వచ్చే సీటు సరిపోకపోవడం మీ తప్పేం కాదు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకునేది అక్కడే. తొక్కుతూ పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి, రక్తం ఆడుతుంది. నెలసరి ఆగిపోయాక ఆ చర్మం పల్చబడి పొడిబారుతుంది, దానికి మంచి వైద్యం ఉంది, గైనకాలజిస్టుని నోరు తెరిచి అడగండి. ముందు భాగంలో తిమ్మిరి వస్తే మాత్రం అప్పటికప్పుడు దిగిపోండి, దాన్ని ఓర్చుకుని తొక్కడం వద్దేవద్దు.

ప్రశ్న: నాకు 67, బీపీకి బీటా బ్లాకర్ టాబ్లెట్ వాడుతున్నా. నా వాచ్ ప్రకారం ఎంత గట్టిగా తొక్కినా గుండె 115 దాటదు. 220లోంచి వయసు తీసేస్తే నాకు 153 రావాలి కదా, నేను సరిగ్గా తొక్కట్లేదా?

జవాబు: సార్, మీరు సరిగ్గానే తొక్కుతున్నారు, ఆ టాబ్లెట్ చేసే పనే అది, గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆ 220 లెక్క మామూలుగానే ఉజ్జాయింపు, 208లోంచి వయసుని 0.7తో గుణించి తీసేయమనే ఇంకో లెక్క ప్రకారం మీకు 161 వస్తుంది, మనిషికీ మనిషికీ పది అటూ ఇటూ ఇట్టే మారిపోతుంది. బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి రెండూ పనికిరావు. వాచ్ మీద నంబరు వదిలేసి మాటని నమ్ముకోండి, వాక్యం మొత్తం చెప్పగలిగితే తేలిక, మూడు నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సొస్తే గట్టి, మాటే రాకపోతే ఎక్కువైపోయినట్టు. వాచ్‌లో నంబరు పెరగాలని టాబ్లెట్ మానేయడం లాంటివి చేయకండి, అది ప్రమాదం. టూర్‌కి ముందు డాక్టరుతో కూర్చుని రోజుకి ఎన్ని గంటలు తొక్కబోతున్నారో చెప్పి అడగండి, ముఖ్యంగా మీ మందుల్లో యూరిన్ ఎక్కువ పోయేలా చేసేది ఉంటే, రక్తం పల్చబరిచేది ఉంటే. రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్ళు పడి తలకి దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనిపించకపోయినా హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే. ఎత్తు ఎక్కాక టక్కున ఆగి దిగకండి, ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కి అప్పుడు ఆగండి, లేకపోతే కాళ్ళలో రక్తం నిలిచిపోయి కళ్ళు తిరుగుతాయి. వయసుతో దాహం వేయడం తగ్గుతుంది కాబట్టి దాహం కోసం చూడకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. తొక్కేటప్పుడు ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం, వీటిలో ఏదొచ్చినా ఆ రైడ్ అక్కడితో ఆపేసి వెంటనే వైద్య సాయం తీసుకోవాలి.

ప్రశ్న: మా ఇద్దరికీ 64, 60. ఎత్తులొస్తే మా ఆవిడ దిగి నెట్టుకుంటూ వస్తుంది, నేను పళ్ళ బిగువున తొక్కుతా, పైకెళ్ళేసరికి నా పని అయిపోతుంది. ముందు 44 పళ్ళ చక్రం, వెనక పెద్దది 28 పళ్ళు. సామాన్లతో కలిపి మనిషీ సైకిలూ సుమారు 95 కిలోలు. బలం పెంచుకోవడానికి ఏం చేయాలి?

జవాబు: మీ ఆవిడ గారు చేస్తున్నది తెలివైన పని. మీకు ముందు కావాల్సింది గేరు, బలం తర్వాత. లెక్క చూడండి. 44కి 28 అంటే పెడల్ ఒక్కసారి తిరిగితే సైకిల్ మూడున్నర మీటర్లకి కాస్త తక్కువ, దాదాపు 3.3 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 సార్లు తొక్కాలంటే గంటకి 12 కిలోమీటర్ల వేగం తప్పదు. 6 శాతం ఎత్తు మీద 95 కిలోలని ఆ వేగంతో లాగడానికి సుమారు 200 వాట్లు కావాలి. అదే ముందు 30, వెనక 34 వేయించారనుకోండి, అదే 60 సార్లకి వేగం గంటకి 6.7 కిలోమీటర్లు, కావాల్సింది 115 వాట్ల లోపే. అంటే అదే ఎత్తు, అవే కాళ్ళు, శ్రమ మాత్రం సగానికి కొంచెం పైన. మీరిప్పుడు చేస్తున్నది ఏంటంటే 60 తిప్పలేక 35–40 దగ్గర పెడల్‌ని తొక్కి తొక్కి నెట్టడం, అది మోకాళ్ళనీ నడుమునీ తినేస్తుంది. మీ సైకిల్‌కి ఎంత పెద్ద వెనక చక్రం పడుతుందో మెకానిక్‌ని అడగండి, గేరు మార్చే డిరైల్యూర్ కూడా మార్చాల్సిరావొచ్చు, చైను పొడవు కూడా. సామాన్లలో 8 కిలోలు తగ్గిస్తే ఎత్తు మీద శ్రమ 8 శాతం దాకా తగ్గుతుంది, మొదటి టూర్ నుంచి వచ్చాక బ్యాగులో చేయి పెట్టని వస్తువులన్నీ ఒక పక్కన పెట్టి తూకం వేయండి, అది చేస్తే చాలు.

మీ ఆవిడ గారికి పెడల్ అసిస్ట్ ఉన్న సైకిల్ ఇష్టమైతే కొనండి, దాన్ని మోసం అనుకోవద్దు, పెడల్ తొక్కితేనే కదా మోటార్ సాయం చేసేది, గుండెకి పని ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన మాట్లాడుకుంటూ ఎత్తెక్కడం ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఇంకా బలం కావాలంటే, అదీ తప్పకుండా కావాలి, వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేవడం, మెట్టు ఎక్కి దిగడం, బరువులెత్తడం చేయండి. 1990లో ఒక అధ్యయనంలో తొంభై ఏళ్ళ వయసువాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయిస్తే వాళ్ళ బలం రెండున్నర రెట్లు దాటింది, మీకింకా అరవైలే.

ప్రశ్న: మేడం, మా అమ్మకి 69. రెండేళ్ళ కింద సైకిల్ ఆపి దిగుతూ పడి మణికట్టు విరిగింది. ఇప్పుడు మళ్ళీ తొక్కుతానంటోంది, నాకు భయంగా ఉంది, వద్దంటే అలుగుతోంది. ఏం చేయను?

జవాబు: అమ్మా, నీ భయం సబబే. చిన్నగా పడితే మణికట్టు విరిగిందంటే ముందు ఎముకల సాంద్రత పరీక్ష, డెక్సా స్కాన్ అంటారు, అది చేయించు. సైకిల్ తొక్కడం గుండెకి మంచిదే గానీ బరువంతా సీటు మోస్తుంది కాబట్టి ఎముకకి పెద్దగా ఉపయోగం ఉండదు, కాబట్టి నడక, కాస్త బరువులు పక్కనే ఉండాలి. నేను చూసినంతలో పెద్దవాళ్ళు పడేది స్పీడులో కంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. అందుకని ఫ్రేము మధ్యలో కడ్డీ కిందికి ఉండి కాలు పైకెత్తకుండా ఎక్కగలిగే సైకిల్ చూడు. మొదటి రెండు వారాలు మాత్రం సీటు బాగా దించేసి రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా పెట్టు, మోకాలి గురించి పైన చెప్పింది అప్పటికి పక్కన పెట్టేయొచ్చు, ఎందుకంటే ఆవిడ తొక్కేది పది నిమిషాలే. ఖాళీ మైదానంలో పెడల్ తొక్కకుండా పాదాలతో నేలని తోసుకుంటూ వెళ్ళమను, బ్రేక్ వేయడం, ఆగడం, కాలు ఆనించడం, ఇదే ఓ ఇరవై సార్లు. ఏ కాలు ముందు దించుతుందో గమనించు, ఎప్పుడూ ఆ కాలే దించేలా అలవాటు చెయ్. ఇంట్లో కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం రోజూ చేయించు, పట్టుకోకుండా పది సెకన్లు నిలబడగలిగాక పెడళ్ళు తొక్కించొచ్చు. హెల్మెట్ మైదానంలో కూడా పెట్టుకోవాలి.

వద్దు అని మాత్రం అనకు. పక్కన నువ్వూ ఒక సైకిల్ వేసుకుని వెళ్ళు, ఆవిడ ఆగిన ప్రతిసారీ నువ్వూ ఆగు. రెండు నెలలయ్యాక ఎలా ఉందో నాకు రాయి, ముఖ్యంగా ఏ కాలు దించుతోందో.